మామగారు మెచ్చిన కనెక్షన్

ఆ ఆదివారం పొద్దున్న పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కారు డిక్కీలో రెండు ఊఫర్లు బిగించాలి. స్నానం చేసి తయారవ్వాలి. పదకొండింటి రైలుకు దిగే మామగారిని ఎక్కించుకుని, పాట పెట్టి, ఆయన నోట "భేష్" అనిపించుకోవాలి. పెళ్ళయి పదిహేనేళ్ళయింది. ఇన్నేళ్ళలో మామగారు అతన్ని ఒక్కసారీ తిట్టలేదు, ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఏం చెప్పినా "ఆఁ" అనేవారు, మరీ మాట్లాడబుద్ధయితే "అలాగేలెండి" అనేవారు. ఇన్సూరెన్స్ ఆఫీసులో సెక్షన్ హెడ్డుగా కూర్చుని, పద్దెనిమిది మంది గుమాస్తాల చేత రోజూ పొగిడించుకునే మనిషికి ఇది చిన్న లోటు కాదు.

ఊఫర్ల ఆలోచన తోడల్లుడి పుణ్యం. మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసే చిన్నల్లుడు తన కార్లో ఊఫరు పెట్టించాడు. పాటలోని దుం దుం శబ్దాన్ని మాత్రమే పట్టుకుని మోగించే పెద్ద స్పీకరు అది. దాన్ని నడపడానికి ఆంప్లిఫైయర్ అని ఇంకో డబ్బా. క్రితంసారి మామగారు వచ్చినప్పుడు ఆ కార్లోనే ఎక్కారు. "దారంతా ఒక్క మాట మాట్లాడలేదన్నయ్యా! పాటలో అలా మునిగిపోయారు" అని చిన్నల్లుడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పెద్దల్లుడికి కడుపు మండిపోయింది. వాడికి ఒకటుంటే తనకు రెండుండాలి. ఈ లెక్క చెయ్యడానికి అతనికి క్షణం పట్టలేదు. ఈ మొత్తం వ్యవహారంలో అతను చేసిన లెక్క కూడా అదొక్కటే.

శుక్రవారం ఆడియో షాపుకు వెళ్ళాడు. షాపతను నెమ్మదస్తుడు. ఊఫర్లు కొన్న ప్రతివాడికీ విడమరచి చెప్పే అలవాటు అతనిది.

"సార్, ఒక్కో ఊఫర్లో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒక్కో కాయిల్ నాలుగు ఓములు. ఓములు తగ్గేకొద్దీ ఆంప్లిఫైయర్ మీద బరువు పెరుగుతుంది. మీరు నాలుగు కాయిల్సూ పక్కపక్కనే కలిపేశారనుకోండి, మొత్తం ఒక ఓముకి పడిపోతుంది. రెండు ఓములకన్నా కిందికి దిగితే ఈ ఆంప్లిఫైయర్ తట్టుకోలేదు. నేను గీసిచ్చినట్టు కలిపితే నాలుగు ఓములొస్తుంది, హాయిగా నడుస్తుంది" అంటూ ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి చేతికిచ్చాడు. "మమ్మల్నే బిగించమంటారా? గంట పని."

"అక్కర్లేదయ్యా. ఆమాత్రం నాలుగు తీగలు కలపలేనా?"

చిన్నల్లుడు షాపులో బిగించుకున్నాడు కనుక, తను స్వయంగా బిగించానని చెప్పుకోవాలని అతని ఆశ. షాపతను ఎరుపూ నలుపూ జంటగా ఉన్న తీగచుట్ట తీశాడు. పెద్దల్లుడు మూతి తిప్పాడు.

"మొత్తం నల్లదే ఇవ్వు. నా కారు సీట్లు నలుపు."

"సార్, ప్లస్ ఏదో మైనస్ ఏదో తెలియాలి కదా?"

"నాకు తెలుస్తుందిలే."

షాపతను ఇరవై ఏళ్ళుగా ఆ వ్యాపారంలో ఉన్నాడు. ఇలాంటి వాళ్ళను చాలామందిని చూశాడు. మరో మాట అనకుండా నల్ల తీగ కొలిచి ఇచ్చాడు.

ఆదివారం ఆరున్నరకి భార్య కాఫీ గ్లాసుతో గేటు దగ్గరికి వచ్చింది. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. పెద్దల్లుడు డిక్కీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు నొప్పి పుట్టకుండా కింద ఏదో వేసుకున్నాడు.

"ఏవండీ, అది షాపతను ఇచ్చిన అట్టముక్క కాదూ?"

"అవును. అయితే ఏంటి?"

"అందులో ఉన్నట్టు కలపండి."

"అవన్నీ చేతకానివాళ్ళకి. తీగలన్నీ ఒక్కచోట కలిపేస్తే కరెంటంతా ఒకేసారి వస్తుంది. అంతే!"

"అలా కలిపితే ఒక ఓముకి పడిపోతుంది. ఆంప్లిఫైయర్ తట్టుకోదు."

"పాఠాలు చెప్పడానికి నీకు స్కూల్లో పిల్లలున్నారు కదా, వాళ్ళకి చెప్పు."

ఆమె కాఫీ గ్లాసు కారు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళలో ఆమె కూడా కొన్ని విషయాలు నేర్చుకుంది.

అతను తీగలన్నీ ఒక్కచోట మెలేసి పాట పెట్టాడు. ఆంప్లిఫైయర్ మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. ఒక్క దుం వినిపించింది. వెంటనే ఎర్ర లైటు వెలిగి అంతా నిశ్శబ్దమైపోయింది. ఆపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఒకటే దుం. నాలుగోసారికి ఒళ్ళు మండి, ఆదివారం పొద్దున్నే అని కూడా చూడకుండా షాపతనికి ఫోన్ చేశాడు.

"నువ్విచ్చిన డబ్బా చచ్చిందయ్యా!"

"ఎర్ర లైటొచ్చిందా సార్? చావలేదు. చావకుండా తన్ను తాను కాపాడుకుంటోంది. దానికి ఒక ఓము ఇచ్చారా?"

"నేనేమీ ఇవ్వలేదు. ఉన్నదంతా నువ్విచ్చిందే."

"అట్టముక్క చూసి కలపండి సార్" అని అతను ఫోన్ పెట్టేశాడు.

పెద్దల్లుడు కిటికీ వైపు చూసి, భార్య లేదని రూఢి చేసుకుని, మోకాళ్ళ కింద నుంచి అట్టముక్క లాగాడు. నలిగింది గాని బొమ్మ కనిపిస్తోంది. కలిపినవన్నీ విప్పి, బొమ్మ ప్రకారం మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. బొమ్మలో ప్రతి తీగకూ ప్లస్ గుర్తో మైనస్ గుర్తో ఉంది. అతని చేతిలో ఉన్నవి మాత్రం ఒకదాన్ని పోలిన ఒకటి, అన్నీ నల్లవే. ఏది ఏదో తనకు తెలుసనే అనుకుంటూ రెండు గంటలు కుస్తీ పట్టాడు.

ఈసారి ఎర్ర లైటు రాలేదు. రెండు ఊఫర్లూ పెట్టెల్లో ఎగిరెగిరి పడుతున్నాయి. చెయ్యి పెడితే అదురుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు! తలుపుల్లోని పాత చిన్న స్పీకర్లలోంచి పాట సన్నగా, పక్కింటి రేడియోలోంచి వచ్చినట్టు వస్తోంది. అతను వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. ఆంప్లిఫైయర్ మీద ఉన్న మూడు మరలనూ ఒక్కొక్కటే చివరిదాకా తిప్పాడు. ఊఫర్లు ఇంకా ఎగిరాయి గాని మోగలేదు.

జరిగిందేమిటంటే, ఒక ఊఫరు తీగలు తిరగబడ్డాయి. ఇది ముందుకొస్తుంటే అది వెనక్కి పోతోంది. ఇది నెట్టిన గాలిని అది లాగేసుకుంటోంది. ఒకడు బిందెలో నీళ్ళు పోస్తుంటే ఇంకొకడు తోడి పారబోస్తున్నట్టు, ఇద్దరికీ చెమటే గాని బిందె నిండడం లేదు.

భార్య చీర మార్చుకుని బయటికి వచ్చి ఒక నిమిషం నిలబడి చూసింది. "రెండోదాని తీగలు అటుదిటు మార్చి చూడకూడదూ?"

"ముందు టైమెంతయిందో చూడు!"

పదిన్నరయింది. స్నానం లేదు. డిక్కీ ధడాలున మూసి, చొక్కా మాత్రం మార్చుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"డిక్కీ సంగతి మీ నాన్నగారితో అనకు. మోగనివాటిని చూపించి నవ్వులపాలవడం దేనికి?"

"మరి ఆయన సామాను?"

"ఒళ్ళో పెట్టుకో."

మామగారు రైలు దిగి, చేతిలో ఇనప్పెట్టెతో తిన్నగా డిక్కీ దగ్గరికి నడిచారు. కరెంటు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన.

"డిక్కీ తాళం పట్టేసింది మామగారూ, తెరుచుకోదు."

"ఆఁ" అన్నారు మామగారు.

ఇనప్పెట్టె కూతురి ఒళ్ళోకి వెళ్ళింది. దాని పైనుంచి ఆమె కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. పెద్దల్లుడు పాట పెట్టాడు. ఎవరో గొంతు తగ్గించి పాడుతున్నట్టు సన్నగా మొదలైంది. అతనికి తల కొట్టేసినట్టయింది. పొద్దున్నించీ పడ్డ చాకిరీ అంతా దీనికా అనుకుని, మామగారి మొహం చూడ్డానికి ధైర్యం చాలక రోడ్డునే చూస్తూ నడిపాడు.

దారిలో రైల్వే గేటు పడింది. అతను ఇంజను ఆపాడు గాని పాట ఆపలేదు. గూడ్సు బండి ఒకటి తీరిగ్గా వెళ్ళింది. అది పోయాక అటువైపు నుంచి ఇంకోటి వస్తోందని గేటు ఎత్తలేదు. ఆ ఇరవై నిమిషాలూ డిక్కీలో రెండు ఊఫర్లు చప్పుడు లేకుండా ఎగురుతూ బ్యాటరీని తాగేశాయి. గేటు లేచింది. అతను తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్ళీ తిప్పితే అది కూడా అనలేదు. వెనకున్న బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు అందుకున్నాయి. ఇద్దరు లారీ డ్రైవర్లు దిగి, అతని గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, కారును పక్కకు తోశారు.

ఈలోగా భార్య చెల్లెలి మొగుడికి ఫోన్ చేసేసింది.

"వాడికెందుకు చేశావ్?"

"బ్యాటరీకి బ్యాటరీ కలిపే కేబుళ్ళు ఆయన దగ్గరే ఉన్నాయి. పోనీ మీ గుమాస్తాలకి చెయ్యనా?"

చిన్నల్లుడి కారు కనబడకముందే వినబడింది. రెండు వీధుల అవతల నుంచి దుం దుం మంటూ వచ్చి, ఎదురుగా ఆగింది. ఆ చప్పుడు వినగానే మామగారు గబగబా పిడి తిప్పి తనవైపు అద్దం ఎక్కించేశారు. చిన్నల్లుడు పాట ఆపి, నవ్వు మొహంతో వచ్చి ఆ అద్దం మీద తట్టాడు.

"మామగారూ, ఈ ఎండలో ఎందుకు? నా బండిలో వచ్చేయండి."

మామగారు అద్దం రెండంగుళాలు దించారు. "నేను రాను."

అందరూ గతుక్కుమన్నారు. ఆయన అలా తెగేసి చెప్పడం ఎవరూ ఎరగరు.

"క్రితంసారి మీ బండిలో గంటసేపు పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆ అదురుడికి నాలుక తెగుతుందేమోనని భయం. దిగాక రెండ్రోజులు ఎవరేమన్నా చెవికెక్కలేదు. ఇదిగో, పెద్దల్లుడుగారి బండి చూడండి. దారంతా పాటలో ప్రతి మాటా తేటగా వినబడింది. బండంటే ఇలా ఉండాలి. భేష్!"

వచ్చింది! పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట, తోడల్లుడి ఎదురుగా, భార్య సాక్షిగా వచ్చేసింది. కాస్త బుద్ధున్నవాడైతే అక్కడ చేతులు కట్టుకుని "మీ దయ" అని ఊరుకునేవాడు. పెద్దల్లుడు నిజంగానే ఒక నిమిషం ఊరుకున్నాడు. అంతకుమించి ఊరుకోవడం అతని వల్ల కాలేదు, ఎందుకంటే గాలి పోయిన చిన్నల్లుడు ఉడుక్కుంటూ ఇలా అన్నాడు:

"అన్నయ్య కార్లో అసలు ఊఫరే లేదు కదా మామగారూ! లేనిదానికి భేష్ ఏంటి?"

"లేదా? లేదని ఎవరు చెప్పారు నీకు?"

"ఏవండీ, వద్దు" అంది భార్య ఇనప్పెట్టె వెనకనుంచి.

"ఒకటి కాదయ్యా, రెండు! నా చేత్తో బిగించాను!" అంటూ పెద్దల్లుడు దిగి వెళ్ళి, పట్టేసిన తాళాన్ని ఒక్క తిప్పుతో తీసి, డిక్కీ బార్లా తెరిచాడు.

మామగారు సీట్లోంచే వెనక్కి తిరిగి తెరుచుకున్న డిక్కీని చూశారు. తర్వాత అల్లుణ్ణి చూశారు. "ఆఁ" అన్నారు.

చిన్నల్లుడు కేబుళ్ళతో రెండు బ్యాటరీలూ కలిపి, తన ఇంజను నడుస్తూ ఉండగానే డిక్కీలోకి వంగాడు. "అన్నయ్యా, ఇది తిరగేసి కలిపారు. అందుకే మోగట్లేదు. రెండు నిమిషాల్లో మార్చేస్తాను."

"మార్చు. అప్పుడు తెలుస్తుంది ఎవరి బండి ఏంటో!"

"ముందు ఆ వాల్యూమ్ తగ్గించండి!" అని భార్య అరిచింది. తోడల్లుళ్ళిద్దరూ ఒక పని మీద ఏకమవడం అదే మొదటిసారి, కనుక ఆమె మాట వినే తీరిక ఇద్దరికీ లేదు. చిన్నల్లుడు తీగలు మార్చాడు. పెద్దల్లుడు పాట నొక్కాడు.

నేల అదిరింది. కారు అద్దాలు గడగడలాడాయి. వెనక నంబరు ప్లేటు ఊడి రోడ్డు మీద పడింది. స్టీరింగు పైనుండే అద్దం జారి మామగారి ఒళ్ళో పడింది. రైలు పట్టాలు తప్పిందనుకుని గేటుమాన్ ఎర్ర జెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇంత జరుగుతుంటే పెద్దల్లుడి మొహం వెలిగిపోతోంది. "ఎలా ఉంది మామగారూ?" అని గొంతు చించుకుని అడిగాడు. కదిలే పెదాలు తప్ప ఎవరికీ ఏమీ తెలియలేదు.

మామగారు ఒళ్ళోని అద్దాన్ని జాగ్రత్తగా సీటు మీద పెట్టి దిగారు. కారు ముందుకు నడిచి, బ్యాటరీ మీదున్న క్లిప్పు ఒకటి పట్టుకుని పీకేశారు. చప్పుడు తెగిపోయింది. గేటుమాన్ తిట్లు ఒక్కటే స్పష్టంగా వినిపించాయి.

"ఇందాకటి కనెక్షన్ ఎవరు కలిపారు?" అని అడిగారు మామగారు.

"నేనే మామగారూ. ఏదో పొరపాటున..."

"అదే కరెక్టు. ముప్పై రెండేళ్ళు కరెంటుతో పనిచేసి చెబుతున్నాను. అంత చక్కటి కనెక్షన్ని పాడుచెయ్యడానికి మీరిద్దరూ కావలసి వచ్చింది."

ఆయన ఇనప్పెట్టె అందుకున్నారు. కూతురు తన చేతిసంచీ తీసుకుని, మొగుడికేసి ఒక్కసారి చూసి, తండ్రి వెంట నడిచింది. అటుగా వచ్చిన బస్సు ఆపి ఇద్దరూ ఎక్కారు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలో మామగారు చేతులు ఊపుకుంటూ ఏదో చెబుతూనే ఉన్నారు, కూతురు నవ్వుతూనే ఉంది. పెద్దల్లుడు నంబరు ప్లేటు చేత పట్టుకుని ఆ వైపే చూస్తూ నిలబడ్డాడు. వచ్చిన భేష్‌ను అయిదు నిమిషాలైనా ఉంచుకోలేకపోయానని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

చిన్నల్లుడు కేబుళ్ళు చుడుతూ చాలాసేపు ఆలోచించాడు.

"అన్నయ్యా, నా ఊఫరు కూడా మీరు కలిపినట్టు తిరగేసి కలిపితే మామగారు నా బండి ఎక్కుతారంటారా?"

ఆ ప్రశ్నకు పెద్దల్లుడి ప్రాణం లేచొచ్చింది. "నీది ఒక్కటే కదయ్యా. ఒక్కదాన్ని ఎటు తిప్పినా మోగుతుంది. రెండుంటేనే ఒకదాని నోరు ఇంకోటి మూస్తుంది. నువ్వు ఇంకోటి కొనాలి."

ఉన్నదాన్ని తీసేస్తే సరిపోతుందన్న ఆలోచన ఆ ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

సాయంత్రం షాపు కట్టేసేలోగా చిన్నల్లుడు రెండో ఊఫరు కొనేశాడు.