మూసిన గుప్పిట్లో మాయమైన జుంకీలు

“ఈ లోకంలో నేరస్థులు రెండు రకాలు శైలూ. నేను పట్టుకున్నోళ్లు, నేను ఇంకా పట్టుకోనోళ్లు,” అని నాగజ్యోతి పెనుకొండ బస్సులో ప్రకటించింది.

మొదటి రకంలో అప్పటికి ఎవరూ లేరు. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు. కిటికీ పక్క సీటు నాకిచ్చింది మరి.

నాగజ్యోతి మా ఊరి డిటెక్టివ్. ఆ పదవి తనకు తానే ఇచ్చుకుంది. ఒకసారి వెంకటమ్మవ్వ గొర్రెపిల్ల తప్పిపోతే గిట్టల గుర్తులు వెతుక్కుంటూ పక్క ఊరిదాకా వెళ్లింది. తిరిగొచ్చేసరికి గొర్రెపిల్ల దొడ్లో తల్లి దగ్గర పాలు తాగుతోంది. తన భయానికే అది వచ్చేసిందని నాగజ్యోతి కేసు మూసేసింది. హిందూపురంలో వాచీలు బాగుచేసే అంగట్లో కొన్న చిన్న భూతద్దం ఆమె మెడలో నల్లదారానికి ఎప్పుడూ వేలాడుతుంది. స్నానానికి కూడా తీయదు.

మేము వెళ్తున్నది హైవే పక్కన కొత్తగా పెట్టిన థీమ్ పార్కుకు. ఇద్దరికీ అదే మొదటిసారి. అందుకని పద్మావతి వదిన తన జుంకీలు తీసి నా చెవులకు పెట్టింది. అవి ఆమె పెళ్లికి వాళ్లమ్మ చేయించినవి. వదిన మా ఇంటికొచ్చి ఏడాది కాలేదు. నేనేమో ఆమెతో నాలుగు మాటలు కూడా సరిగా మాట్లాడని దాన్ని. అయినా ఇచ్చింది. “మా అమ్మ గుర్తు శైలజా, భద్రం,” అని మాత్రం అంది. ఆ మాట దారంతా జుంకీలతోపాటే నా చెవుల దగ్గర ఊగుతూ వచ్చింది.

జెయింట్ వీల్ దగ్గర తలుపులు వేసే ఆశీర్వాదం అనే అతను, వేలాడే నగలు తీసేయమన్నాడు. నా డ్రెస్సుకు జేబు లేదు. నాగజ్యోతి చెయ్యి చాపింది.

“బ్యాంకు లాకరుకైనా రెండో తాళంచెవి ఉంటాది. నా గుప్పిటకు ల్యా. ఇట్లియ్యి.”

ఇచ్చాను. చక్రం పైకి లేచింది. పెనుకొండ కోట కనిపించింది, సోమందేపల్లి వైపు చేలు కనిపించాయి. నేను మా ఊరు ఎటుందా అని వెతుకుతుండగా చక్రం అంత ఎత్తున ఆగిపోయింది. పక్కకు చూస్తే నాగజ్యోతి కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. భయమేస్తోందా అని అడిగాను.

“భయమా? కిందుండే జనాల మొహాలన్నీ మనసులో అచ్చేసుకుంటాండా. మధ్యలో పలకరించద్దు.”

కిందికి దిగాక ఆమె నడకలో ఠీవి తిరిగొచ్చింది. ఎదురొచ్చిన ఎలుగుబంటి వేషానికి చెయ్యి కలిపి మరీ ముందుకు నడిచింది. నేను జుంకీలు అడిగాను. అరచెయ్యి తెరిచింది. అందులో చెమట తప్ప ఏమీ లేదు.

నేను వంగి కాళ్ల దగ్గరంతా వెతికాను. ఆమె కళ్లు మాత్రం మెరిశాయి.

“మూసిన గుప్పిట్లోంచి దొంగతనం. ఇది మామూలోళ్ల పని కాదు శైలూ. దీనెనక అంతర్జాతీయ ముఠా ఉండాది.”

ఆశీర్వాదం పాపం చక్రం ఆపించి మేము కూర్చున్న పెట్టె చూడనిచ్చాడు. నేను సీట్ల కింద పాకి వెతుకుతుంటే, నాగజ్యోతి అతని బూట్లకు భూతద్దం పెట్టి ఎర్రమట్టి అంటుకుందని కనిపెట్టింది. పార్కంతా అదే మట్టి అని అతను చెప్పాడు. అయితే పార్కంతా అనుమానితులేనని తేల్చింది. అంతలో ఎలుగుబంటి గుర్తొచ్చింది. జుంకీలు పట్టుకున్న చేతిని తాకింది అదొక్కటే కదా.

పిల్లలతో ఫోటోలు దిగుతున్న ఎలుగుబంటి ముందు వెళ్లి నిలబడింది. “నీ ఆట ముగిసింది. చేతులు పైకెత్తు.”

ఎలుగుబంటి ఎత్తింది. ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలందరూ ఎత్తారు. తర్వాత అది తల ఊడదీసింది. లోపల చెమటతో తడిసిన నెరిసిన మీసాల మనిషి. గొర్రెలు కాసే సోమందేపల్లి సంజీవప్ప.

“నువ్వు లక్ష్మీనారాయణ కూతురివి గదమ్మా? మీ చేన్లో గొర్రెల మంద నిలిపినప్పుడు ఇంతుండినావు,” అన్నాడు నాగజ్యోతితో. నేరం సంగతి విని తన బొచ్చు చేతిని చూపించాడు. “దీనికి వేళ్లే లేవు. ఇంగ యాడ దొంగిలించేది?”

నాకు ఏడుపొచ్చింది. వదినకు ఏం చెప్పాలి? సంజీవప్ప మమ్మల్ని బజ్జీల అంగడి వెనక కూర్చోబెట్టి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ముఠా నాయకుడి గురించి దీర్ఘంగా ఆలోచిస్తూ నాగజ్యోతి ఒక బజ్జీని కాడతో సహా నమిలేసింది. మరుక్షణం కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. చున్నీ కొంగు లాగి మొహం తుడుచుకోబోతే ఏదో గట్టిగా ముక్కుకు తగిలింది.

కొంగుకు ముడి. అందులో గలగలమంది.

నేను చెయ్యి వేశాను. నాగజ్యోతి లాక్కుంది.

“విప్పద్దు. అది కదిరి స్వామి ముడుపు.” గొంతు తగ్గించింది. “పైన ఆగిపోయినప్పుడు, నన్ను కిందికి దించితే చేతిలో ఉండేది నీకే అని మొక్కి కట్టినా. చేతిలో ఏముండాదో కూడా చూడల్యా. దిగినంక మొక్కు సంగతే మర్చిపోయినా.”

దొరికాయని సంతోషించడానికి లేదు. ముడుపు కట్టింది దేవుడి సొత్తు. మా వైపు దాన్ని విప్పుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇప్పుడు వదిన జుంకీలు నా కళ్లముందే ఉన్నాయి, కానీ స్వామివైపోయాయి.

ఎలుగుబంటి తలను ఒళ్లో పెట్టుకుని సంజీవప్ప తీర్పు చెప్పాడు. “పరాయోళ్ల సొత్తు మొక్కితే స్వామి ముట్టుకోడమ్మా. నీది కట్టు. నువ్వు ఇడ్సలేనిది కట్టు.”

నాగజ్యోతి చెయ్యి ముందు కాళ్ల పట్టీల మీదికి వెళ్లింది. నా మొహం చూసింది. తర్వాత మెడలోని భూతద్దం తీసింది. ముడి విప్పి జుంకీలు నాకిచ్చి, దాన్ని పెట్టి మళ్లీ కట్టింది.

సాయంత్రం వదినకు జుంకీలు ఇస్తూ జరిగిందంతా చెప్పాను. అంతసేపు ఆమెతో మాట్లాడటం నాకదే మొదలు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, ఆ మొక్కు తీర్చేరోజు తానూ వస్తానంది.

శనివారం ముగ్గురం కదిరి వెళ్లాం. హుండీ ముందు నాగజ్యోతి ముడి విప్పింది. ఆఖరిసారని భూతద్దాన్ని కంటికి పెట్టుకుంది. అలవాటు ఊరుకోదు కదా, హుండీ సందులోంచి లోపలికి చూసింది. వెనకనుంచి గుడి కాపలాదారు భుజం పట్టుకున్నాడు.

“హుండీలో ఏం చూస్తాండావమ్మా?”

ఉలిక్కిపడింది. భూతద్దం జారి టంగుమని లోపల పడింది. మొక్కు దానంతటదే తీరింది. తాను డిటెక్టివునని నాగజ్యోతి చెప్పింది. దొంగలంతా అదే చెప్తారని అతనన్నాడు. చివరికి వదిన జుంకీలు ఊపుకుంటూ ముందుకొచ్చి, ఆ పిల్ల మా మనిషేనని నచ్చజెప్పి విడిపించింది.

మెట్లు దిగుతూ నాగజ్యోతి చున్నీ సర్దుకుంది. “కేసు మూసేసినా వదినా.”

“దొంగ ఎవరు మరి?” అని వదిన అడిగింది.

నాగజ్యోతి బోసి మెడ తడుముకుంది.

“చెప్పేదానికి ల్యా. సాక్ష్యం హుండీలో ఉండాది.”