ముందు విడిపోయే షరతు

“...అట్ల కాదు బిడ్డా, ముందుగాల గీ ముచ్చట రాయి. మనిషి పుట్టినప్పుడు ఒక్క కాయితం, సచ్చినప్పుడు ఒక్క కాయితం. నడుమల కుర్చీలు కిరాయికిచ్చి బతకాల్నంటే మాత్రం నువ్వు ఒక్కనివా, ఇద్దరివా, కంపెనీవా అని ముందు చెప్పాలె. గది చెప్పనోడు బతికినట్టు లెక్క కాదు.”

మట్టయ్య ఈ నాలుగు మాటలు చెప్పేలోపు దిల్‌సుఖ్‌నగర్ పోయే షేర్ ఆటో ఒకటి ఎదురుగా నిండి, వెళ్లి, మళ్లీ ఖాళీగా తిరిగొచ్చింది. ఆయన మాట నిదానం. చదువు రెండో తరగతిలో ఆగింది (ఆ ఏడు బడి కప్పు కూలింది, మళ్లీ వేసేనాటికి ఆయనకు పెళ్లయింది). అందుచేత ఆయన చెప్పడం, బీకాం చదివే మనవరాలు సౌజన్య రాయడం ఆ ఇంటి ఆనవాయితీ.

“తాతా, గిదంత రాసే జాగ లేదు ఫారంల. మూడో కాలమ్‌ల ‘మీ సంస్థ స్వరూపం’ అని అడిగిండ్రు. ఐదు డబ్బాలున్నయి. ఒక్కదాంట్ల టిక్కు కొట్టాలె.”

“మా స్వరూపం వాళ్లకు కానొస్తలేదా? వచ్చి చూసుకొమ్మను.”

చూడదలచినవారికి ఆ స్వరూపం ఎల్‌బీ నగర్ చౌరస్తాకు కొంచెం ఇవతల, రేకుల షెడ్డు రూపంలో పందొమ్మిదేళ్లుగా కనిపిస్తూనే ఉంది. పేరు ‘మ.సా. టెంట్ హౌస్’. ‘మ’ నల్లగొండ పల్లె నుంచి వచ్చిన మట్టయ్య. ‘సా’ తెనాలి పక్క నుంచి వచ్చిన సాంబమూర్తి. వాళ్లిద్దరి మధ్య ఇన్నేళ్లలో ఒక్క కాగితం ముక్క లేదు. షామియానా కట్టేటప్పుడు మట్టయ్య పడమటి తాడు గుంజుతాడు, సాంబమూర్తి తూర్పు తాడు గుంజుతాడు. ఇద్దరూ ఎదురెదురుగా గుంజితేనే అది నిలబడుతుంది. ఒకరినొకరు బావా అనుకుంటారు (చుట్టరికం ఏమీ లేదు, అందుకే నిలిచింది). గుండిగల నుంచి గరిటెల దాకా ప్రతి దానిమీదా ‘మ.సా.’ అని చుక్కలు చుక్కలుగా కొట్టించారు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒకే ఒక జత కళ్లద్దాలు షెడ్డులో మేకుకు వేలాడుతుంటాయి. పొద్దున సాంబమూర్తి వాటితో ఆర్డర్ల పుస్తకం చదువుతాడు. మధ్యాహ్నం మట్టయ్య వాటితో సూదిలో దారం ఎక్కించి, చినిగిన షామియానా కుడతాడు.

ఇలా ఏ స్వరూపమూ లేకుండా వాళ్లు నేరస్తుల్లా సుఖంగా బతుకుతుండగా, 2013 వానాకాలంలో చైతన్యపురి కోచింగ్ సెంటర్ ఒకటి ఏడాదంతా కుర్చీలు కావాలని అడిగింది. దాంతోపాటే ఈ ఫారం ఇచ్చింది. కుర్చీలు గట్టివా కావా అని ఫారంలో ఎక్కడా లేదు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో అప్పుడే ప్రకటించారు. అంతకుముందు రెండు మూడేళ్లుగా చౌరస్తాలో ఏ దీక్షా శిబిరమైనా మ.సా. షామియానా కిందే కూర్చుంది. హైవే మీద వంటావార్పు జరిగితే గుండిగలు మట్టయ్య ఉచితంగా ఇచ్చేవాడు, ఉప్మా సాంబమూర్తి కలిపేవాడు. “ఉద్యమం మీదే గానీ ఉప్మా మాడితే పేరు పోయేది నాదండీ,” అనేవాడు. తెనాలిలో ఆయన తమ్ముడు కూర్చున్న సమైక్య దీక్ష మీదా అదే ఎరుపు, పసుపు చారల షామియానా ఉందని టీవీలో చూసి ఇద్దరూ మురిసిపోయారు. టెంట్ హౌస్ వాళ్లకు ఉద్యమాల్లో రెండే రకాలు: వాన పడేవి, పడనివి.

ఫారం పట్టుకొని వాళ్లు స్వరూప సలహాదారు మహిపాల్ దగ్గరికి వెళ్లారు. ఆయన ఆఫీసు జిరాక్స్ షాపు మీద ఉంది. బోర్డు మీద ఆయన పేరుకన్నా ఆయన డిగ్రీలు ముందు మొదలై, పక్క షాపు గోడ మీద ముగుస్తాయి.

“మొదటి డబ్బా, సొంత వ్యాపారం,” అన్నాడు మహిపాల్. “ఒక్కడే మాలిక్. రెండో ఆయన జీతగాడు.”

“నువ్వుండు బావా మాలిక్,” అన్నాడు మట్టయ్య.

“అబ్బే, మీరే ఉండండి బావగారూ. నాకు బీపీ.”

ఇలాంటి మర్యాదకు నిబంధనల్లో చోటు లేదని మహిపాల్ రెండో డబ్బా తెరిచాడు. “హిందూ అవిభక్త కుటుంబం. మీరు ఒక్క ఇంటోళ్లు కాదు కాబట్టి కుదరదు. అయినా గీ టైంల ‘అవిభక్త’ అని బోర్డు పెడితే చౌరస్తల రాళ్లు పడతయి. మూడోది ప్రైవేట్ లిమిటెడ్. కంపెనీ అంటే ఇంకో మనిషి లెక్క. మీరు పోయినా అది పోదు.”

“తింటదా?” మట్టయ్య అడిగాడు.

“తినదు పెద్దాయనా. కానీ ఏటా దానికి ఆడిటర్‌ను పెట్టాలె, మీటింగులు పెట్టాలె, టైముకు కాయితాలు అప్పజెప్పాలె. లేకుంటే ఫైన్.”

“తినదంటివి?”

నాలుగోది ఎల్‌ఎల్‌పీ. ఇద్దరూ భాగస్వాములే గానీ ఒకరి తప్పు ఇంకొకరి మీదికి రాదు. “షామియానా కూలిందనుకోండ్రి. ఎవలి దిక్కు తాడు తెగిందో వాళ్లదే బాధ్యత.”

“తాడు ఎటు తెగినా కూలేది ఒకే షామియానా కదండీ,” అన్నాడు సాంబమూర్తి. చట్టం అంత దూరం ఆలోచించలేదని మహిపాల్ ఒప్పుకున్నాడు.

మిగిలింది భాగస్వామ్యం. టిక్కు కొట్టారు. ఆ రోజుకు అందరూ సంతోషించారు. అప్పుడు మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. “ఇంగ పత్రం రాయాలె. ముందు విడిపోయే షరతు రాయాలె. కలిసుండే షరతుదేముంది, అది అర పేజీల అయిపోతది.”

“మేము ఇడిపోతలేము గదా సారూ?”

“అందుకే ఇప్పుడే రాయాలె. ఇడిపోయేటోళ్లు రాసుకునే స్థితిల ఉండరు.”

మాట సబబే. కాని ఆ ఇద్దరు ముసలివాళ్లకు విడిపోవడం ఎలాగో తెలియదు. ఆ విద్యలో వాళ్లకున్న గురువు ఒక్కటే: షెడ్డులో పొద్దంతా మోగే టీవీ. మర్నాడు సౌజన్య తెల్లకాగితం తీయగానే, మట్టయ్య ముందురోజు వార్తలు గుర్తు తెచ్చుకొని, నవ్వుకుంటూ, ఒక్కో మాటా తూచి చెప్పాడు.

“రాయి బిడ్డా. ఇడిపోతే గోదాం పదేండ్లు ఉమ్మడి. గా తర్వాత నాది.”

సాంబమూర్తి కూడా నవ్వాడు. సగం నవ్వి ఆగాడు. “పదేళ్ల తర్వాత నేనెక్కడికి పోవాలి బావగారూ?”

“మీ దిక్కు కొత్తది కట్టుకో.”

“ఎవరు కట్టిస్తారండీ? ఈ రేకులు మోసింది నేను.”

“జాగ దేవులాడి పట్టింది నేను.”

“అయితే రాయమ్మా సౌజన్యా. కొత్త గోదాము కట్టించేదాకా నాకు ప్రత్యేక హోదా.”

“హోదా అంటే ఏంది బావా?”

“ఏమో. అందరూ అడుగుతున్నారు, నేనూ అడుగుతున్నా.”

ముసాయిదా చూసి మహిపాల్ ముచ్చటపడ్డాడు. షరతులు ఇంత సహజంగా పుట్టుకురావడం తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆ తర్వాత అవి నిజంగానే వాటంతటవే పుట్టాయి. జనరేటర్ గత ఐదేళ్ల వాడకాన్ని బట్టి పంపకం. నీళ్ల డ్రమ్ములు ఎవరివో తేలనందున వాటికి ఒక యాజమాన్య బోర్డు (పైనున్నవాడు మూత తీస్తే కిందివాడికి ముందుగా తెలపాలి). కుర్చీలు తల ఒక్కింటికి ఇన్ని చొప్పున. దీంతో ఎవరింట్లో ఎన్ని తలలని వాదన వచ్చి, పెళ్లై నిజామాబాద్ వెళ్లిపోయిన సౌజన్య అక్క తల లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తేల్చడానికి పదకొండు రోజులు పట్టింది.

పత్రంలో పేర్లు పదే పదే రాయడం కష్టమని మహిపాల్ మట్టయ్యకు ‘ఇకమీదట ఒకటో పార్టీ అనబడు’, సాంబమూర్తికి ‘ఇకమీదట రెండో పార్టీ అనబడు’ అని పెట్టించాడు. దసరా నాటికి ఆ మాటలు షెడ్డులోకీ వచ్చేశాయి.

“ఒకటో పార్టీవారు చాయ్ తాగుతారా?”

“రెండో పార్టీ తాగినంక తాగుత.”

మట్టయ్య భార్య తిరుపతమ్మా, సాంబమూర్తి భార్య సీతామహాలక్ష్మీ మాత్రం ఏ పార్టీ కాకపోవడంతో గిన్నెల్లో కూరలు అటూ ఇటూ పంపుకుంటూనే ఉన్నారు. “ముసలోళ్లకు ముదిరింది వదినా,” అని తిరుపతమ్మ అంటే, “గోంగూరలో ఉప్పు తక్కువైంది, చూసి చెప్పండి,” అని సీతామహాలక్ష్మి అనేది. ఈ అక్రమ రవాణాను నిషేధిస్తూ ఇరవై తొమ్మిదో షరతు రాశారు. అమలు చేసే యంత్రాంగం లేక అది కాగితం మీదే ఉంది.

గుండిగల దగ్గర పని ఆగింది. పంచుకోవచ్చు గాని ప్రతిదాని మీదా ఇద్దరి పేర్లున్నాయి. పేర్లు కొట్టే మనిషిని పిలిపిస్తే, పేరు వేయడమే గాని తీయడం తాను నేర్వలేదన్నాడు. ఒకటో పార్టీ వాటాకు వచ్చిన పెద్ద గుండిగ మీద ‘సా’ అక్షరాన్ని అరగదీయించారు. అక్షరం పోయింది. దాంతోపాటు గుండిగకు అక్కడ చిల్లు పడింది. రెండో పార్టీ దాన్ని చూసి, తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

తేలని వస్తువులన్నీ ఒక బీరువాలో పెట్టి రెండు తాళాలు వేయాలనీ, చెరొక తాళంచెవి చెరొకరి దగ్గర ఉండాలనీ ముప్పై ఆరో షరతు. ఆ జాబితాలో నలభై ఒకటో వస్తువు: కళ్లద్దాలు, ఒక జత, ఉమ్మడి, పదేళ్లు. అవి కూడా బీరువాలోకి వెళ్లాయి. ఆనాటి నుంచి సాంబమూర్తి ఆర్డర్ల పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పెట్టి చదివేవాడు. ఒకసారి చంపాపేట పెళ్లికి వెళ్లాల్సిన కుర్చీలు చంపాపేటలోనే ఇంకో ఇంటి దశదిన కర్మకు వెళ్లాయి (అక్కడివాళ్లు ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయని మెచ్చుకున్నారు). మట్టయ్య సూదిలోకి దారం ఎక్కక, వేళ్లలోకి సూది ఎక్కేది.

ఫిబ్రవరిలో ఢిల్లీలో బిల్లు పాసైంది. చౌరస్తాలో రంగులు చల్లుకున్నారు. అదే వారం ఇక్కడా పత్రం పూర్తయింది. విడిపోయే షరతులు పద్నాలుగు పేజీలు. కలిసుండే షరతు, మహిపాల్ మాట ఇచ్చినట్టే, అర పేజీ. అప్పటికి కోచింగ్ సెంటర్ కుర్చీల పని వేరే ఆయనకు ఇచ్చేసింది. ఆయన ఫారం ఖాళీగా ఇచ్చాడట.

మట్టయ్యకు విడిపోవాలని లేదు. సాంబమూర్తికి అసలే లేదు. కాని అవతలివాడు ఇన్ని షరతులకు ఒప్పుకున్నాడంటే మనసులో ఎప్పటినుంచి పెట్టుకున్నాడో అని ఇద్దరూ వేరువేరుగా, ఒకే సమయంలో అనుకున్నారు. అంత కష్టపడి రాసిన పద్నాలుగు పేజీలు వృథా పోవడం కూడా ఇద్దరికీ ఇష్టం లేదు. ఎండాకాలం మొదట్లో స్వరూప నిర్ధారణ కార్యాలయానికి వెళ్లి, విడిపోతామని చెప్పారు.

ఆ సీట్లో నాగేశ్వరి అనే గుమాస్తా ఉంది. కాగితాలన్నీ తిరగేసింది. “మీరింకా కలవలేదండీ. కలవకుండా విడిపోవడం కుదరదు. ముందు భాగస్వాములుగా రిజిస్టర్ కండి.”

“పంతొమ్మిదేండ్ల సంది కలిసే ఉన్నం బిడ్డా.”

“దానికి రుజువు లేదు. విడిపోవాలనుకుంటున్నట్టు మాత్రం పద్నాలుగు పేజీల రుజువుంది.”

కలవడానికి ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్న ఫొటో కావాలంది. ఇన్నేళ్లలో వాళ్లు వేల పెళ్లిళ్లకు కుర్చీలు వేశారు గాని ఒక్క ఫొటోలోనూ లేరు. మహిపాల్ ఆఫీసు కింది జిరాక్స్ షాపులో ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. దగ్గరికి జరగండి అన్నాడు ఫొటోగ్రాఫర్. జరిగారు. ఇంకొంచెం అన్నాడు. భుజం తగిలింది. మట్టయ్య వేళ్లకు కట్టిన పీలికలు చూసి సాంబమూర్తి, “సూదా?” అన్నాడు. “ఆఁ,” అన్నాడు మట్టయ్య. అంతవరకే. పార్టీల మధ్య సంభాషణ రాతపూర్వకంగా ఉండాలని పన్నెండో షరతు.

మే నెలలో కలిసినట్టు సర్టిఫికెట్ వచ్చింది. అదే రోజు విడిపోయే దరఖాస్తు ఇచ్చారు. సాంబమూర్తి ఇంటికి పోయి, మళ్లీ షెడ్డుకు రాలేదు. రెండు గల్లీల అవతలే ఇల్లు. జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. టపాకాయలు కాల్చారు. మట్టయ్య చిల్లు గుండిగ కడిగి బోర్లించి, దాని మీద కూర్చొని చూశాడు. వారం తర్వాత సౌజన్యను తీసుకొని ఫైలు సంగతి అడగడానికి వెళ్లాడు.

“ఫైళ్లు పంచుతున్నాం కదండీ,” అంది నాగేశ్వరి. “మీలో ఒకరి ఊరు ఇక్కడ, ఒకరిది అక్కడ. ఏ రాష్ట్రానికి వెళ్లాలో కమిటీ తేల్చాలి.”

“గప్పటిదాంక?”

“చట్టప్రకారం కలిసే ఉండాలి.”

తిరిగొచ్చి మట్టయ్య షెడ్డులో పడమటి తాడు చుట్ట విప్పి, మళ్లీ చుట్టిపెట్టాడు. తర్వాత కాగితం తీయమన్నాడు.

“రాయి బిడ్డా. ముప్పై ఏడో షరతు. రెండో పార్టీకి ఒకటో పార్టీ తెల్పునది... వద్దు, గది కొట్టెయ్యి. బావా అని రాయి. బావా, మనకు ఇడిపోయే పర్మిషన్ రాలే. ఎల్లుండి కర్మన్‌ఘాట్‌ల పెండ్లున్నది. మబ్బు పట్టింది. నేను ఒక్కన్ని పడమటి దిక్కు గుంజితే షామియానా నా మీదనే పడుతున్నది. తూర్పు తాడుకు మనిషి లేడు. జర ఒచ్చి పోవాలె. వచ్చేటప్పుడు నీ తాళంచెవి తెచ్చుకో. గంతే.”

“ఇచ్చి రావాల్నా తాతా?”

“ఇచ్చుడు కాదు. నువ్వే పక్కన కూసొని మెల్లగ చదివి ఇనిపియ్యి. ఆయన చదువుకోలేడు. కండ్లద్దాలు పదేండ్లు ఉమ్మడి.”