మా వదిన మెడలో విశేషణం

ఇంగ్లీషువాళ్ళు మనకిచ్చిన మాటలన్నిటిలోకీ గొప్పది 'ఆస్పైరింగ్'. కాదనేవాళ్ళు ఇప్పటికే ఏదో ఒకటి అయి కూర్చున్నవాళ్ళు. వాళ్ళ మాట పట్టించుకోకండి.

అర్థం చాలా సులువు. ఏదో ఒకటి కావాలని ఆశపడుతున్నవాడని. నటుడికి ముందు తగిలిస్తే నటించనక్కర్లేదు, రచయితకు ముందు తగిలిస్తే రాయనక్కర్లేదు. ఎన్నికలప్పుడు పేపర్లో 'ఆశావహులు' అని రాస్తారే, వాళ్ళంతా ఈ కుటుంబమే. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఇన్నాళ్ళూ ఒకాయన్ని చూసి నవ్వుకున్నాం. పాపం, ఆయన పిచ్చివాడు కాదండీ, ఆస్పైరింగ్ తండ్రి!

ఇంత మంచి మాట మా ఇంటికి వదిన మెడలో వేలాడుతూ వచ్చింది.

వదిన ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడి మేనేజరు మానేసి ఏడు నెలలైంది. అప్పట్నుంచి షట్టరు తీసేదీ, డెలివరీవాళ్ళకు ఏరియాలు పంచేదీ, పార్సిలు పగిలిందని వచ్చినవాళ్ళ చేత చీవాట్లు తినేదీ ఆవిడే. పోస్టు మాత్రం ఇవ్వలేదు. అడగ్గా అడగ్గా, ఆఫీసు యజమాని పెద్దసారు కొత్త బ్యాడ్జీ ఒకటి చేయించి ఇచ్చాడు. దానిమీద 'ఆస్పైరింగ్ మేనేజర్' అని ఉంది.

మా అమ్మ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కూడబలుక్కుని చదివి, "ఇది తలనొప్పి మాత్ర పేరు కదే?" అంది.

వదిన నవ్వలేదు. ఆ పోస్టు కోసం రెండేళ్ళు ఆదివారాలన్నీ డిప్లొమా క్లాసులకు ధారపోసింది. పాత డైరీలో తన సంతకం కింద 'మేనేజర్' అని రాసి చూసుకోవడం ఒకసారి నా కంటపడింది కూడా. నాకు ప్రాణం ఉసూరుమంది.

అయినా ధైర్యం చెప్పాను. జీతం పెరగకపోతేనేం, పని పెరగలేదూ? వ్యాకరణం ప్రకారం విశేషణం ముందొస్తుంది, విశేష్యం దాని వెనకాలే వస్తుంది, కాస్త ఓపిక పట్టు వదినా అన్నాను.

వచ్చింది. పోయిన సోమవారం పెద్దసారు అల్లుడు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన బ్యాడ్జీ మీద ఒకటే మాట, 'మేనేజర్'. ఆయన జన్మలో దేనికీ ఆశపడి ఎరగడు కనక విశేషణంతో పని పడలేదు. ఆయనకు పని నేర్పే బాధ్యత మాత్రం వదినదేనట. బరువు తూచే మిషను ఎక్కడ ఆన్ చేయాలో చెప్పేసరికి మొదటిరోజు గడిచిపోయింది.

మంగళవారం తొమ్మిదింటికి ఫోను మోగింది. వదిన గుమ్మంలో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతోంది. అక్కడ మామా అల్లుళ్ళు మూసిన షట్టరు ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక రెండు వ్యాన్లు హారన్ కొడుతున్నాయి. తాళాలు వదిన హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి.

ఎక్కడున్నావమ్మా అని అడిగాడు పెద్దసారు.

"ఆఫీసుకు వచ్చేశానండీ," అంది వదిన నెమ్మదిగా, "ఆస్పైరింగ్‌గా."

ఆయనకు అర్థం కాలేదు. మాట ఇచ్చినవాడికి దాని అర్థం తెలియాలని రూలేం లేదు కదా!

"అంటే, రావాలని ఆశపడుతున్నానండీ. ఓ ఏడు నెలలు ఓపిక పట్టండి."

చూశారా, ఎంత గొప్ప మాటో! యజమానులకు నా మనవి ఒక్కటే. విశేషణాలు ఎంతమందికైనా పంచండి. పంచేముందు తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూసుకోండి.