మా బ్యాటరీ నూటికి నూరు

ఇంటికో బ్యాటరీ ఉండి తీరాలి! బ్యాటరీ లేని ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టను!

మాట్లాడటం నాకు పెద్దగా అలవాటు లేదు. ముప్పై ఒక్క ఏళ్లు గోడౌన్‌లో సరుక్కి కాపలా కాశాను. బస్తాలతో కబుర్లేముంటాయి? అలాంటివాణ్ని పెన్ను పట్టుకున్నానంటే ఆ బ్యాటరీ గొప్పతనం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

ముందు కరెంటు కంపెనీవారి పెద్ద మనసు గురించి చెప్పాలి. మా డాబా మీద పది సోలార్ పలకలున్నాయి. పగలు మేం వాడగా మిగిలిన కరెంటు తీగల వెంట కంపెనీకి పోతుంది. సాయంత్రం మాకు కావలసింది అక్కణ్నుంచే వస్తుంది. మొదట్లో యూనిట్‌కి యూనిట్ చెల్లు. పక్కింటివాళ్ల దగ్గర గ్లాసుడు చక్కెర తెచ్చుకుని మళ్లీ గ్లాసుడే ఇచ్చినట్టు. ఎంత మోటు పద్ధతి! కంపెనీవారు దాన్ని సంస్కరించారు. ఇప్పుడు మధ్యాహ్నం మేం నాలుగు యూనిట్లు ఇస్తే, సాయంత్రం ఆరు నుంచి పది దాకా వాళ్లు ఒక్కటి ఇస్తారు.

న్యాయమే కదా! మధ్యాహ్నం ఎండ ఊరికే దొరుకుతుంది. సాయంత్రమైతే చీకటి పడుతుంది. చీకట్లో కరెంటు అన్ని స్తంభాలు దాటి మా ఇల్లు వెతుక్కుంటూ రావాలంటే దానికెంత కష్టం? ఖర్చవదూ?

చిక్కంతా మా ఆవిడ బన్నులతో వచ్చింది. వెనకగదిలో కరెంటు ఓవెన్ పెట్టుకుని మిల్లు క్యాంటీన్‌కి రోజూ రెండు వందల బన్నులు చేస్తుంది. పది గంటల షిఫ్టువాళ్లకి వేడివేడిగా అందాలి. అంటే ఆరు నుంచి పది దాకా ఓవెన్ కాలుతూ ఉండాలి. సరిగ్గా కంపెనీవారు ఎంచుకున్న ఆ నాలుగు గంటలే! మూడు నెలల్లో బన్నుల మీద వచ్చిన లాభమంతా బిల్లు నమిలేసింది.

"ఇంకో రెండు నెలలు చూస్తాను," అని ఆవిడ క్యాంటీన్ మేనేజర్‌కి చెప్పేసింది. "అప్పటికీ ఇలాగే ఉంటే మీ ఆర్డర్ మీకు, నా ఓవెన్ పాత సామాన్లవాడికి."

నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు ఓవెన్ తలుపు మూడుసార్లు తుడిచింది. పదకొండేళ్లుగా ఆవిడకి అదే ఆఫీసు.

ఎలక్ట్రీషియన్ పని చేసే మా బావమరిది అది విని, వారం తిరక్కుండా బీరువా అంత బ్యాటరీ మోసుకొచ్చి వసారా గోడకి బిగించాడు.

"చూడు బావా! పగలు డాబా మీద కరెంటు ఇది తాగుతుంది. సాయంత్రం అక్క ఓవెన్‌కి ఇదే పెడుతుంది. ఇక కంపెనీ దగ్గర కొనే పనేముంది?"

బ్యాటరీ మీద ఒక మీట ఉంది. దానికి ఒకవైపు 'వాడు', రెండోవైపు 'దాచు' అని రాసి ఉంది. పైన ఒక అంకె వెలుగుతోంది. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆ అంకె నూరు చూపించింది.

నూరు! అయ్యా, అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరోజైనా నా గోడౌన్ నూటికి నూరు నిండుగా చూశానా? ఉదయం నిండబోతుంటే మధ్యాహ్నానికి లారీ వచ్చేది. ఇన్నాళ్లకి దేవుడు కరుణించి నాకు నిండు సరుకు అప్పగించాడు. దాన్ని 'వాడు' అంటే వాడేస్తానా? నేనేం తెలివితక్కువవాణ్నా? మీట 'దాచు' వైపు తిప్పాను. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

ఆ నెల నేను అనుభవించిన ఆనందం ఏమని చెప్పను! పొద్దున నూరు. మధ్యాహ్నం నూరు. బన్నులు కాలుతున్నప్పుడు కూడా నూరే! కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాశాను. పోస్టుమ్యాన్‌ని పిలిచి చూపించాను. ఎదురింటి రిటైర్డు నర్సుని పిలిచి చూపించాను. "బాగా ఆరోగ్యంగా ఉంది," అందావిడ. ఒకసారి పగటిపూట పదినిమిషాలు కరెంటు పోయింది. బ్యాటరీ దానంతటదే పని అందుకోబోయింది. ఊరుకుంటానా? పరుగెత్తుకెళ్లి ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అన్నీ కట్టేశాను. ఒక్క యూనిట్ కూడా చెయ్యి దాటనివ్వలేదు!

నెల తిరిగింది. బిల్లు వచ్చింది. తగ్గడం మాట దేవుడెరుగు, పాతదానికన్నా కాస్త పెరిగింది. ఊరికే కూర్చున్నా బ్యాటరీ కొంచెం కరెంటు తాగుతుందట. అతిథి కదా, ఆమాత్రం మర్యాద చెయ్యొద్దూ?

మా ఆవిడ బిల్లు మడిచి పక్కన పెట్టింది. ఓవెన్ కొలతలు తీసి కాగితం మీద రాసింది. పాత సామాన్లవాడు అడుగుతాడని.

బావమరిది వచ్చాడు. బ్యాటరీ చూశాడు. ఫోన్‌లో లెక్క చూశాడు. తల గోక్కున్నాడు.

"అక్కా, నెలరోజులుగా ఇది అసలు దిగలేదే!"

"దిగకుండా చూసింది నేను," అన్నాను. చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది?

"ఏం చూశావ్ బావా?"

మీట చూపించాను.

వాడు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు.

"ఏమయ్యా, నెల్లాళ్లు దీన్ని పక్కన పెట్టుకుని నాలుగింతల రేటుతో నాచేత కంపెనీ కరెంటు కొనిపించావా?"

"సరుకు తగ్గిపోతుందనీ..."

"తగ్గడానికేగా తెచ్చింది! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. లే, కుర్చీ తియ్యి."

మీట తిప్పేసింది. ఆ సాయంత్రం అంకె తొంభై అయింది, డెబ్బై అయింది, నలభై అయింది. చూడలేక లోపలికి వెళ్లిపోయాను. బన్నులు మాత్రం ఎప్పటిలాగే పొంగాయి.

రెండో నెల మేం కంపెనీ దగ్గర కొన్నది మొత్తం ఆరు యూనిట్లు. బిల్లు చేతికొచ్చింది. ఆరు యూనిట్లకి ఆరు యూనిట్ల డబ్బే. కింద మాత్రం ఒక కొత్త వరస ఉంది: 'బ్యాటరీ గృహాలకు సంసిద్ధత చార్జీ.' మాకు మిగిలిందనుకున్నదాంట్లో ముప్పాతిక ఆ ఒక్క వరసలోకే వెళ్లిపోయింది.

బిల్లు పట్టుకుని కంపెనీ కౌంటర్‌కి వెళ్లాను.

"ఇదేమిటమ్మా?"

"మీరు కరెంటు కొనడం మానేశారు కదా పెద్దాయనా! అయినా మీకోసం తీగలు, స్తంభాలు మేం సిద్ధంగా ఉంచాలి. దానికండీ," అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా.

"ఎక్కువ కొంటే?"

"సాయంత్రం రేటు పడుతుంది."

"అసలు కొనకపోతే?"

"అదే కదండీ ఇది!"

నా ఛాతీ ఉప్పొంగింది! నెల్లాళ్లు నిండు సరుకు పెట్టుకుని ఎవరికీ ఏమీ ఇవ్వకుండా నేను కూర్చుంటే ఇంట్లో చీవాట్లు పడ్డాయి. అదే పని కంపెనీ చేస్తే దానికో పేరుంది, ఒక రేటుంది, రసీదు కూడా ఉంది! నా విద్యకి విలువ కట్టినవాళ్లు లోకంలో వాళ్లొక్కరే. దండం పెట్టి వచ్చేశాను.

మా ఆవిడ బిల్లు రెండుసార్లు చదివింది. ఆవిడ పెట్టిన రెండు నెలల గడువు ఆ శుక్రవారమే. మేనేజర్‌కి జవాబు చెప్పాలి. శుక్రవారం ఆయనే ఇంటికి వచ్చాడు. ఆవిడ ఆ నెల బన్నుల చీటీ చేతికిచ్చింది. ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"అమ్మా, రిపేర్లని మిల్లు నాలుగు రోజులు మూసేశారు. ఆ నాలుగు రోజులూ బన్నులు తీసుకోలేదే మేం?"

"తీసుకోలేదు బాబూ. అందుకే బన్నుల డబ్బు వెయ్యలేదు. అది సంసిద్ధత చార్జీ. మీరు తీసుకోకపోయినా ఓవెన్ సిద్ధంగా ఉంది, నేనూ సిద్ధంగా ఉన్నాను."

ఆయన మొహం కందగడ్డలా అయింది.

"తినని బన్నుకి డబ్బులేంటమ్మా? ఇదెక్కడి న్యాయం? ఈ మాట నలుగురిలో అంటే నవ్వరూ?"

ఆవిడ చీటీ వెనక్కి తీసుకుని ఆ వరస కొట్టేసింది. "మీ నోటితో విందామనే రాశాను. బన్నులు ఎప్పటిలాగే వస్తాయి. రూపాయికి మిగిలే పావలాతోనే నడుపుతాను. ఓవెన్ అమ్మను."

నేను లేచి పెన్ను, కాగితం తెచ్చి మేనేజర్ ముందు పెట్టాను. మూడు తరగతులు చదివినవాణ్ని, కౌంటర్ దగ్గర నాకు తోచని మాట ఆయనకి ఎంత చక్కగా తోచింది!

"బాబూ, ఇందాక అన్నది అన్నట్టే దీని మీద రాసిపెట్టండి," అన్నాను. "బన్ను అన్నచోట యూనిట్ అని మార్చండి చాలు. సోమవారం తీసుకెళ్లి కంపెనీ కౌంటర్‌లో ఇచ్చొస్తాను."