మందు మానేసిన బండ్లు

ఆదివారం ప్రార్థన అయ్యాక డీకన్ వల్దెసీర్ మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని ఒక ప్రకటన చేశాడు. సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, జూలైలో జరగబోయే మందిరం వార్షికోత్సవం లోగా ఇక్కడికి వచ్చే ప్రతి బండీ తాగుడు మానేయాలి. మానని బండి తాలూకు మనిషి, ఎంతటివారైనా సరే, వెనక బల్ల మీద కూచోవాలి.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. రియో సెకోలో మనుషులు తాగుడు మానేసి చాలాకాలమైంది. అంటే, ఆదివారాలు మానేశారు. ఇక బాగుపడాల్సింది బండ్లే. ఊరి బంకులో రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లోంచి పెట్రోలు వస్తుంది, రెండోదాంట్లోంచి చెరుకు ఆల్కహాలు. మా బండ్లకు ఏది పోసినా తాగుతాయి, రెండూ కలిపి పోసినా తాగుతాయి, ఏది పోశారని అడగవు. ఇన్నేళ్ళూ దీన్ని సౌకర్యం అనుకున్నారు. ఇది వ్యసనమని పాస్టరు ఒసేయాస్ గారు కనిపెట్టేదాకా ఎవరికీ తట్టలేదు. మహానుభావులు అవసరమయ్యేది ఇలాంటివాటికే.

ఆ రోజు పాస్టరు గారి ఉపన్యాసం ఇప్పటికీ చెప్పుకుంటారు. "మనిషి తాగితే వాడొక్కడే తూలి గుమ్మంలో పడతాడు. బండి తాగితే అయిదుగురిని ఎక్కించుకుని పరిగెత్తుతుంది. పొద్దున పెట్రోలు, మధ్యాహ్నం ఆల్కహాలు! రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడికే గతి లేదు కదా, నాలుగు చక్రాలు పెట్టినదానికి ఏం గతి?" ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ముందు వరుసలో కూచున్న మిల్లు దొర కూడా తల ఊపాడు. ఊరికి అన్నం పెట్టేది ఆయన చెరుకు మిల్లే. మందిరానికి స్థలం ఇచ్చిందీ, పైకప్పు వేయించిందీ, పాస్టరు గారు ఆల్కహాలును తిట్టిన ఆ మైకు కొనిపెట్టిందీ ఆయనే. కానీ మిల్లులో తయారయ్యేది ఇథనాల్. అది దేశానికి గర్వకారణం. బంకులో బండి కడుపులో పడ్డాక మాత్రమే అది ఆల్కహాలవుతుంది. దారిలో ఎక్కడ మారుతుందో ట్యాంకరు డ్రైవర్లకు కూడా తెలియదు.

ఈ ప్రకటన విని గుండె జారిపోయిన మనిషి ఒక్కరే. దోనా జెనాయిది. పెద్దావిడ కనుక ఊరంతా దోనా అంటారు, అంటే అమ్మగారని. మొగుడు దుర్వాల్ మిల్లు బాయిలరు దగ్గర పనిచేసి, ఒక నీలం బండి మిగిల్చి పోయాడు. ఆ బండి పుట్టినప్పటినుంచి చెరుకు రసం తప్ప ఎరగదు. అయితే ఆమె బెంగ బండి గురించి కాదు. గాయక బృందంలో ఆమె చోటు ఇరసేమా పక్కన. రాగం, తాళం ఆమెకు తెలియవు. ఎప్పుడు ఎత్తుకోవాలో ఇరసేమా మోచేత్తో డొక్కలో పొడిచి చెప్తుంది. ఏళ్ళ తరబడి ఆ పోటు మీదే పాడుతోంది. వెనక బల్ల మీద పోటెవరు పొడుస్తారు?

పైగా దోనా జెనాయిదికి ఎడబాటంటే భయం. మొగుడు మంచినీళ్ళు తెస్తానని లేచి వెళ్ళి, వంటింట్లోంచి తిరిగి రాలేదు. అప్పటినుంచి పక్కన ఎవరు లేచినా ఆమె చేయి పట్టుకుంటుంది. ఇరసేమా మరుగుదొడ్డికి వెళ్ళినా, కుర్చీ మీద తన సంచీ పెట్టి కాపలా కాస్తుంది.

"ఒసే జెనా, బాత్రూంకే కదే వెళ్తా, స్మశానానికి కాదు. ఆ సంచీ తియ్యి," అంటుంది ఇరసేమా.

"తిరిగొచ్చాక తీస్తాలే. దేవుడితో వెళ్ళు."

"ఆయన్నెందుకు అక్కడికి!"

ఇక ఉద్యమం ఊపందుకుంది. వారం వారం బండ్ల సాక్ష్యాలు మొదలయ్యాయి. యజమాని బండి మూతి మీద చేయి వేసి, ఇది ఇన్నేళ్ళు తాగిందనీ, ఫలానా రోజు నుంచి చుక్క ముట్టలేదనీ చెప్పేవాడు. చివర్లో బండి హారన్ కొట్టి ఆమేన్ అనేది. ఒక పాల వ్యాను తన గతం వింటూ అంతసేపు హారన్ కొట్టిందట, వైరు ఊడదీస్తే గానీ ఆగలేదు. అది పశ్చాత్తాపమేనని పాస్టరు గారు ధ్రువీకరించారు.

మాట మీద నమ్మకం చాలదు కనుక వాసన సంఘం ఏర్పడింది. ఆల్కహాలు తాగిన బండి వెనక పులిసిన తీపి వాసన వస్తుంది. డీకన్ వల్దెసీర్ తెల్ల చొక్కాతో వచ్చి, ప్రతి బండి వెనకా మోకాళ్ళ మీద కూచుని, పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి కళ్ళు మూసుకునేవాడు. అంత భక్తిగా ఆయన మోకరిల్లడం మందిరం లోపల ఎవరూ చూడలేదు. నెల తిరిగేసరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. దాన్ని సేవా పతకంలా అందరికీ వినిపిస్తూ తిరిగాడు.

తర్వాత సందేహాలు వచ్చాయి. మా వైపు జూన్, జూలైలంటే చలికాలం, పొద్దున్నే ఆల్కహాలు బండి ఓ పట్టాన లేవదు. దాని కోసం పాత బండ్లలో చిన్న పెట్రోలు డబ్బా ఒకటి ఉంటుంది. పొద్దున ఆ చుక్క తాగి లేచి, తర్వాత రోజంతా ఆల్కహాలు తాగుతుంది. మరి దీన్ని ఏ లెక్కలో వేయాలి? సంఘం రెండు సాయంత్రాలు చర్చించింది. పొద్దున పూట ఒట్టు పెట్టుకుని మధ్యాహ్నం మరిచిపోయే జీవులు సభ్యుల్లోనే చాలామంది ఉన్నందున, ఈ విషయం మీద కఠినంగా పోరాదని తీర్మానించారు.

ఇంతలో డీకన్ బండే పక్క ఊరి బంకులో, ఆల్కహాలు గొట్టం కింద, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న డీకనుతో సహా కనిపించింది. శత్రువు రుచి తెలియకుండా యుద్ధం ఎలా చేస్తారని ఆయన అడిగాడు. అది నిజమే అనిపించింది.

దోనా జెనాయిది మాత్రం కుదురుగా కూచోలేకపోయింది. వార్షికోత్సవం ముందు వారం, ట్యాంకు అడుగంటా ఖాళీ చేయించి, జీవితంలో మొదటిసారి పెట్రోలు పోయించడానికి బంకుకు వెళ్ళింది. బంకులో గొట్టం పట్టేది క్లాదినెయ్. మనవలున్న మనిషి, తెల్ల మీసం. మా దేశంలో ఎవరి బండికి వాళ్ళు పోసుకోకూడదు, చట్టం ఒప్పదు. పోసేందుకు మనిషి ఉండాల్సిందే.

"ఏంటి దోనా, ముసలితనంలో దీని అలవాట్లు మార్పిస్తున్నారా?" అన్నాడతను.

ఆమె పంపు వంక తల తిప్పింది. చదువుతోంది. ఆమె బళ్ళో చదువుకోలేదు. బియ్యం సంచులు, మందుసీసాలు, బస్సుల మీది రాతలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. అందుకే ఎక్కడ అక్షరం కనిపించినా చివరిదాకా చదవకుండా వదలదు. పెట్రోలు పంపు మీద, అందరి కళ్ళ ఎదుట, ఎప్పటినుంచో అంటించి ఉన్న కాగితం అది. ఈ పెట్రోల్లో ముప్ఫై శాతం ఇథనాల్ కలదు.

బుధవారం ప్రార్థన సభలో ఆమె చేయెత్తింది. "పాస్టరు గారూ, నాకు నా చోటు కావాలి. అందుకని పెట్రోలు పోయించాను. కానీ దాంట్లోనూ దాదాపు మూడో వంతు అదే ఉందని రాసుంది. మూడో వంతు తాగినవాడు తాగినట్టా, తాగనట్టా? ముందే చెప్తే, నా సంచీ నేనే వెనక్కి తీసుకెళ్తాను."

మందిరంలో అందరూ నేల చూపులు చూశారు. ఎవరికీ తెలియక కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసినదాన్ని మైకులో చెప్పకూడదన్న మర్యాద ఒక్క జెనాయిదికే తెలియదు. మందిరం ఎదుట ఆగిన బండ్లన్నీ, సాక్ష్యం చెప్పినవాటితో సహా, ఒక్కసారిగా తాగుబోతులైపోయాయి. అంటే ఊరంతా వెనక బల్ల మీద కూచోవాలి. బల్ల ఒక్కటే ఉంది.

పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి మిల్లు దొర వంక చూశారు. మళ్ళీ మూసుకున్నారు. తర్వాత తీర్పు చెప్పారు.

"పాపం బండిలో లేదు బిడ్డలారా. తాగేది నోరు కావచ్చు, కానీ నోట్లో పోసేది చేయి కదా! మీలో ఎవరైనా, ఎన్నడైనా, మీ చేత్తో మీ బండికి ఆల్కహాలు పోశారా?"

ఎవరూ పోయలేదు. చట్టం ఒప్పదు కదా. మందిరం మొత్తం ఊపిరి పీల్చుకుంది. పాపం చేసింది ఎవరో అప్పుడు తేటతెల్లమైంది. క్లాదినెయ్, అతని తోటి పనివాళ్ళు ఇద్దరు. పొద్దున్నుంచి రాత్రిదాకా, వరసబెట్టి, ఊరి బండ్లన్నిటికీ పోసిందే వాళ్ళు. ఇంతటి ఘోరం కళ్ళముందు జరుగుతుంటే గమనించనందుకు సభ్యులు సిగ్గుపడ్డారు.

అదే సాయంత్రం బారులో మగవాళ్ళు ఈ తీర్పును కాస్త ముందుకు తీసుకెళ్ళి, గ్లాసులో పోసేది బారు యజమానే కాబట్టి తాము ఇన్నాళ్ళూ తాగనేలేదని తేల్చుకున్నారు. యజమాని వేరే చర్చి మనిషి, కాబట్టి భరించాడు.

ఇప్పుడు రియో సెకోలో బండ్లన్నీ పవిత్రమే. బంకులో ఎవరూ ఆల్కహాలని గానీ, పెట్రోలని గానీ నోరు జారి అనరు. దోనా జెనాయిది కూడా వార్షికోత్సవం పొద్దున వెళ్ళి అద్దం దించి, మొహం పక్కకు తిప్పుకుంది.

"ఏది పొయ్యమంటారు దోనా?"

"నీ ఇష్టం నాయనా. నేను చూడను."

"నా ఇష్టమైతే, నేను మీ చోట కూచుని పాడతాను. మీరొచ్చి ఈ గొట్టం పట్టుకోండి," అన్నాడు క్లాదినెయ్, ఆల్కహాలు పోస్తూ.

వార్షికోత్సవం దివ్యంగా జరిగింది. సరైన సమయానికి డొక్కలో పోటు పడింది, దోనా జెనాయిది ఎత్తుకుంది, ఇరసేమా ఎక్కడికీ లేచి వెళ్ళలేదు. వెనక బల్ల మీద ముగ్గురే ఉన్నారు. వాళ్ళ మద్యపానం మానాలని ఊరంతా గట్టిగా ప్రార్థించింది. ప్రార్థన అయ్యాక ముగ్గురూ సైకిళ్ళెక్కి డ్యూటీకి వెళ్ళిపోయారు. వాళ్ళకు బండ్లు లేవు.

మీరు నవ్వుతున్నారు. మీ ఊరి బంకులో గొట్టం మీరెప్పుడైనా పట్టుకున్నారా? లేదు కదా. రండి, ముందు వరుసలో కాస్త జరిగి కూచుంటాం.