లెవీ రూపాయికి గ్రేడు

ఆ శనివారం పొద్దున లెవీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, తాత దాచిన నిజాం కాలపు వెండి రూపాయి జేబులో వేసుకోవాలి, లాల్‌పేట్ నుంచి ఆటోలో నాణేల ప్రదర్శనకు వెళ్లి ఒంటిగంటలోపు, నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే గ్రేడు చీటీ రాయించుకోవాలి. బావమరిది ప్రిన్స్ నిరుడు తన రూపాయికి ‘చాలా బాగు’ అని చీటీ తెచ్చుకుని, దానికి ఫ్రేము కట్టించి వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. ఆ ఫ్రేము ఏడాదిగా లెవీకి కంట్లో నలుసు. అంతకంటే పై గ్రేడు రాకపోతే క్రిస్మస్‌కు అత్తగారింటి గడప తొక్కనని శపథం కూడా పట్టాడు.

టీ తాగి వచ్చేసరికి రూపాయి తళతళా మెరుస్తోంది.

"ఏంజేసినవే దీన్ని?"

"చింతపండు పెట్టి తోమిన. నలుగుట్ల పెడ్తవు, గంత నల్లగుంటే నా ఇజ్జత్ పోదా?" అంది భార్య సువార్త.

లెవీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఆ నలుపే దాని ఇజ్జత్! తోమిన నాణేనికి గ్రేడియ్యరే!"

"ముందుగాల చెప్పొద్దా? ఇంట్ల మెరవనిదంత తోముడే నా పనాయె."

ఉడికిన గుడ్డు సొన తగిలితే వెండి నల్లబడుతుందని లెవీ ఎక్కడో విన్నాడు. గుడ్డు ఉడికించి, సొనలో రూపాయి గుచ్చి, పని తొందరగా కావాలని పైన గుప్పెడు బొగ్గుపొడి చల్లి, ఎండ తగిలేలా రెండిళ్ల మధ్య గోడ మీద పెట్టాడు. గనుల పేటలో బొగ్గుపొడికి కొదవేముంది!

కాసేపటికి పక్కింటి దేవన్న కేక వినిపించింది. "సువార్తక్కా! గోడ మీద గుడ్డు, బొగ్గు, పైస! నా ఇంటికి ఎవడో చేతబడి చేసిండు!"

"ముట్టకు దేవన్నా, అది నాదే!" అని లెవీ పరుగెత్తాడు.

"నువ్వా? చర్చికి పోయేటోనివి, గిదేం పని?"

"నల్లగ కావాలె, గందుకే పెట్టిన!"

ఆ మాటతో కొంప పూర్తిగా మునిగింది. లెవీ గ్రేడు గురించి చెబుతున్నకొద్దీ చేరిన జనం వెనక్కి జరిగారు. దేవన్న ఉప్పునీళ్లు గుమ్మరించాడు, నాలుగు నిమ్మకాయలు పిండాడు, చాలదన్నట్టు కొబ్బరిపీచుతో రుద్దాడు. చేతబడి విరిగిందో లేదో గానీ రూపాయి పొద్దుటికంటే ఎక్కువ మెరిసింది.

అప్పటికే పన్నెండు దాటింది. సువార్తను వెంటబెట్టుకుని లెవీ ఆటో ఎక్కాడు. దారి పొడవునా తిడుతూనే ఉన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగినా ఆపలేదు.

ప్రదర్శనలో గ్రేడు రాసే అనంతరావు బల్లార్పూర్ తెలుగువాడు. భూతద్దంలో చూసి, "తోమిండ్రు" అన్నాడు.

"ఈమెనే!" అని వేలు చూపించాడు లెవీ.

"ఇయ్యాల్టి తోముడుది కాదన్నా అసలు నష్టం. రూపాయి మీది చార్మినార్ బొమ్మ చూడు, మీనార్లన్నీ అరిగినయ్. ఎవలో ఏండ్ల సంది రుద్దుతుండ్రు."

"అరుగుడేంది! ఇటియ్యుండ్రి, సరిగ్గ చూపిస్త" అంటూ లెవీ రూపాయి లాక్కున్నాడు. దాని మీద హా అని ఊది, చొక్కా అంచుతో గట్టిగా పదిసార్లు రుద్ది, మళ్లీ అందించాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు ముప్పై ఏళ్లుగా చూపిస్తున్నది ఇలాగే.

సువార్త కళ్లు తుడుచుకుని మొగుడి వంక చూసింది. లెవీ సిగ్గుతో చొక్కా అంచు వదిలేశాడు.

అనంతరావు గ్రేడు గడిలో ‘ఇంకా అరుగుతోంది’ అని రాసి సంతకం పెట్టాడు.