ఇనుప బొక్కెనపై చిన్నకోడలి దండయాత్ర

ఇలా దగ్గరికి జరగండి నాయనా, కాళ్లు ముడుచుకుని వినండి.

సూర్యభగవానుడు నడినెత్తి దిగి పడమటి కిటికీని పట్టిన వేళ, మూడురెక్కల ఫ్యాను ఘీంకరించుచుండగా, గాజుగొట్టములు సైనికులవలె బారులు తీరిన నీటిపరీక్షాశాల యను రణరంగమందు, జలశోధనాధురంధర, మొండిపట్టుసార్వభౌమ యగు మా చిన్నకోడలు ఒక కాగితమును చూచి కనుబొమలు ముడిచినది. నారు పెంచి అమ్మే పెద్దమ్మ తెచ్చిన బావినీటిలో, కలుపుమొక్కలను చంపు కలుపుమందు సున్నా యని యంత్రరాజము సెలవిచ్చినది. ఆ పెద్దమ్మ తాగేవీ ఆ నీళ్లే, నారుకు పోసేవీ ఆ నీళ్లే, నారేమో తలవాల్చేసినది.

ముద్రాహస్తుడగు పెద్దసారు కలము దూసెను. “సున్నా వచ్చిందిగా. ఫైలు మూసేస్తున్నా.”

“ఒక్క గంట ఆగండి సార్. ఈ నీళ్లలో నేనే కొలిచి వంద పాళ్లు మందు కలిపి చూశాను. ముప్పయ్యొక్కటే కనబడింది. నా చేత్తో దాచిన దొంగే దొరకలేదు, తనంతట తాను దూరినవాడు దొరుకుతాడా?”

“మిషనుకు దాహమేసిందేమో.”

ఆ పరిహాసబాణమును పెడచెవిని పెట్టి ఆమె స్టూలు మీది పెద్దమ్మవైపు తిరిగినది.

“సీసా మేమిచ్చిందే కదా? మరి నీళ్లు దేంతో తోడావు పెద్దమ్మా?”

“ఇంక దేంతోనే, ఇనుప బొక్కెనతో. తుప్పు పట్టిందని పారేస్తామా? నాకూ పట్టింది, నన్నెవరు పారేశారు?”

దొరికినాడు శత్రువు! నీటిలో దిగిన యినుము కలుపుమందును గాఢాలింగనమున బిగించి, యంత్రదృష్టికి అందకుండ దాచినది. అంతట చిన్నకోడలు ఈడీటీఏ యను శ్వేతచూర్ణాస్త్రమును చిటికెడు ప్రయోగించెను. ఆ పొడికి ఇనుమంటే ప్రాణము. వచ్చి యినుమును పట్టుకున్నది, మందు విడివడినది.

“పొడిలోనే మందుందేమో,” అన్నాడు సారు.

“ఉత్త నీళ్లలో వేసి చూశాను సార్. ఏమీ లేదు.”

యంత్రరాజము గుర్రుమని పలికెను. కలిపిన వందలో తొంబయ్యారు తిరిగి వచ్చినవి; పెద్దమ్మ నీటిలోని సున్నా చెరిగి, ఆవగింజలో అరవయ్యో వంతు కలుపుమందు బయటపడినది.

“నారు దీనివల్లే పోయిందో లేదో ఇంకా తెలీదు పెద్దమ్మా. తేలేదాకా ఆ నీళ్లు తాగకు. ప్లాస్టిక్ బకెట్‌తో తోడి మళ్లీ పట్టుకురా.”

సారు కలమునకు మూత పెట్టెను. జయము జయము! ఒక ఫైలు మూయబడలేదు!

గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి నాయనా. చెప్పేటప్పుడు మా కోడలు కాస్త పొడుగనండి. పొడుగు కాదనుకోండి, కానీ పొట్టివాళ్ల వీరగాథ ఎవరు వింటారు?